తెలుగు గది తీసుకోకు, చిన్నీ

హైదరాబాద్



నీ వాయిస్ మెసేజ్ రాత్రే విన్నాను. పొద్దున్న లేచి మళ్లీ విన్నాను. మీ క్లాసువాళ్లంతా నవంబరులో ఒసాకా నుంచి కోయాసన్ కొండ మీదికి వెళ్లి, ఒక రాత్రి అక్కడి గుళ్లో బస చేద్దామనుకుంటున్నారు. నువ్వు మాత్రం వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతున్నావు. ఖర్చవుతుందని ఒక బెంగ, పార్ట్‌టైమ్ పని షిఫ్టు పోతుందని ఇంకో బెంగ. వచ్చీరాని జపనీస్‌తో రెండు రోజులు అందరి మధ్యా ఎలా నెట్టుకురావాలన్నది అసలు బెంగ. చివర్లో ఇంకో మాట అన్నావు. "వెళ్తే మన తెలుగమ్మాయిలం ముగ్గురం ఒకే గది తీసుకుంటాం పిన్నీ, అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు" అని. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు.

వెళ్లు తల్లీ. మేనేజరుతో ఇప్పుడే మాట్లాడి షిఫ్టు మార్చుకో. డబ్బు తక్కువైతే నన్ను అడుగు, మొహమాటపడకు. వెళ్లడం మాత్రం మానొద్దు. కానీ తెలుగు గది తీసుకోకు. ముగ్గురూ మూడు గదుల్లో సర్దుకోండి. ఒకరు వియత్నాం అమ్మాయిలతో, ఒకరు తైవాన్ అమ్మాయితో, ఒకరు నేపాలీ అమ్మాయితో. ఆ నేపాలీ అమ్మాయి గదికి వెళ్లేవాళ్లు హిందీలోకి జారిపోకుండా చూసుకోవాలి. జారిపోవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ పిల్ల కూడా మీలాగే ఫీజు కట్టి జపనీస్ నేర్చుకోవడానికే వచ్చింది కదా, ఆమెకూ ఆ రాత్రి దక్కాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. క్లాసులో నువ్వు మాట్లాడేది టీచరు అడిగినదానికి జవాబు. ప్రశ్న ఆవిడదే, జవాబు ఎలా ఉండాలో పుస్తకంలోనే ఉంటుంది. నువ్వు పనిచేసే కొంబిని దుకాణంలో మాట్లాడేది అప్పజెప్పే పాఠం. సంచి కావాలా, వేడి చెయ్యాలా, పాయింట్ కార్డు ఉందా, ఆ నాలుగు ముక్కలే పొద్దస్తమానం. మనిషి బతుకంతా ఈ రెండింటికీ బయటే ఉంది. చలేస్తోంది, ఆ దుప్పటి ఇటు జరుపు. లైటు తీసేద్దామా? నాకు నిద్ర పట్టడం లేదు. మీ ఇంట్లో ఎంతమంది? అప్పు ఇంకా ఎంత ఉంది? ఇలాంటి మాటలు పగలు రావు. రాత్రి పక్కపక్కన పరుపులు వేసుకుని పడుకున్నప్పుడే వస్తాయి. ఆ గదిలో నీ పక్కన తెలుగమ్మాయి ఉంటే అవన్నీ తెలుగులో అయిపోతాయి. అప్పుడు కోయాసన్ దాకా వెళ్లి అమీర్‌పేట హాస్టల్లో పడుకున్నట్టే.

ఇంకో సంగతి. జపాన్ వాళ్ల ముందు మాట్లాడాలంటే నీకు గొంతు పూడుకుపోతుందన్నావు. ఆ రాత్రి నీ గదిలో జపాన్ మనిషి ఒక్కరూ ఉండరు. ఉన్నవాళ్లందరికీ ఆ భాష అరువు తెచ్చుకున్నదే. తప్పు పట్టేవాళ్లే లేరు. తైవాన్ అమ్మాయి కాంజి అక్షరాలు చూడగానే అర్థం చెప్పేస్తుంది, కానీ పైకి చదవమంటే తడుముకుంటుంది. బెంటో ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి గలగలా మాట్లాడుతుంది, వ్యాకరణం జోలికి పోదు. నీకు ఆ రెండూ తక్కువే. అయితే వాక్యం కూర్చడం వాళ్లకంటే నీకు తేలిక. మన తెలుగులో లాగే క్రియ చివరికొస్తుంది, విభక్తులు నామవాచకం వెనకే అతుక్కుంటాయి. చైనీస్ నుంచో వియత్నామీస్ నుంచో వచ్చిన పిల్లలు ఆ వరుస తిరగేసి ఆలోచించాలి. నువ్వు అక్కర్లేదు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క ఉంటుంది, నలుగురూ కలిస్తే పని జరుగుతుంది.

మా రోజుల్లో మా బ్యాచ్ కూడా కోయాసనే వెళ్లింది. నా గదిలో ఒక కొరియా అమ్మాయి, ఒక తైవాన్ అమ్మాయి, మంగోలియా నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. ఆవిడ మా అందరికంటే పెద్దది. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో గదిలోని కిరసనాయిలు హీటరు ఒక పాటలాంటిది మోగించి టప్పున ఆగిపోయింది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. ఆ హీటర్లు మూడు గంటలకోసారి వాటంతటవే ఆగిపోతాయని మాలో ఎవరికీ తెలియదు. పాడు చేశామేమోనని హడలిపోయాం. తైవాన్ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని బటన్ల మీద రాసినవి వేలితో చూపిస్తూ, ఇది పొడిగించడానికి అంది. దాన్ని ఎలా పలకాలో ఆమెకు రాలేదు. కొరియా అమ్మాయి తన భాషలో ఆ మాట ఎలా ఉంటుందో దాన్నిబట్టి ఊహించి పలికింది, అది సరిపోయింది. ఆ మాట పట్టుకుని నేను వాక్యం కూర్చుకుని కారిడార్‌లోకి వెళ్లి, అటుగా వచ్చిన కుర్ర సన్యాసిని అడిగాను. ఆయన లోపలికి వచ్చి చూసి, ఆ బటనే నొక్కమన్నాడు. పడుకునే ముందు ఆర్పెయ్యాలని కూడా చెప్పి వెళ్లాడు.

అంతే, ఆ తర్వాత ఎవరికీ నిద్ర రాలేదు. మంగోలియా ఆవిడ వాళ్ల ఊళ్లో చలి సంగతి మొదలుపెట్టింది. అక్కణ్నుంచి మాట మాటా కలిసి, చిన్న కొడుకుని అమ్మ దగ్గర వదిలి వచ్చానని చెప్పింది. ఆ వాక్యాల్లో ఒక్క విభక్తీ సరైన చోట లేదు. మా ముగ్గురికీ మాత్రం ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు. హీటరు ఆర్పేశాక చీకట్లో కూడా ఆవిడ చెబుతూనే ఉంది, మేము వింటూనే ఉన్నాం. కొండ దిగాక నేను తడబడకుండా మాట్లాడానని కాదు. తడబడినా ఆగకుండా మాట్లాడటం మొదలైంది. ఆ తేడా టీచరు కూడా గమనించింది.

సరే, పనిలోకి వద్దాం. ఈ యాత్రలో ఒక పని నీ నెత్తిన వేసుకో. గుడికి ఫోన్ చేసే పని. బుకింగ్ ఇంగ్లీషులో వెబ్‌సైట్ మీద అయిపోతుందని ఎవరో అంటారు. అవనీ. అయినా అడిగి తెలుసుకోవలసినవి చాలా ఉంటాయి, అవి నువ్వు ఫోన్లో జపనీస్‌లో అడుగు. గదికి ఎంతమంది? తలుపులకు గడియ ఉంటుందా, లేక ఫుసుమా తలుపులేనా? చాలా గుళ్లలో గదికీ గదికీ మధ్య జరిపే కాగితపు తలుపులే ఉంటాయి, తాళం ఉండదు. డబ్బు నోట్లే ఇవ్వాలా, కార్డు తీసుకుంటారా? రాత్రి గేటు ఎప్పుడు మూస్తారు? భోజనం ఎన్నింటికి? స్నానాల గది అందరికీ కలిపేనా, విడిగా ఉందా? ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, పక్కన తైవాన్ అమ్మాయిని కూర్చోబెట్టుకుని చెయ్యి. అవతలివాళ్లు మర్యాద భాషలో గబగబా మాట్లాడతారు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడుగు, ఎన్నిసార్లయినా అడుగు. వాళ్లు విసుక్కోరు.

ఈ పని నీకే ఎందుకు అప్పజెబుతున్నానంటే, ఆ కొండని నిలబెట్టినవాడు కూడా పరదేశంలో చదువుకున్న విద్యార్థే. కూకై. 804లో జపాన్ రాయబారులతో కలిసి ఓడెక్కి చైనా వెళ్లాడు. గాలివానకు ఓడ దారి తప్పి ఎక్కడో దక్షిణాన ఫూజియన్ తీరానికి కొట్టుకుపోయింది. అక్కడి అధికారులు వీళ్లెవరో అని అనుమానించి దిగనివ్వలేదు. రాయబారి రాసిన విన్నపాలు పనిచెయ్యలేదు. అప్పుడు కూకై చైనా భాషలో ఒక లేఖ రాశాడు. అది చదివాకే వాళ్లని గౌరవంగా దింపుకున్నారు. తర్వాత ఛాంగాన్ నగరంలో హుయిగువో అనే గురువు దగ్గర మంత్రశాస్త్రం నేర్చుకున్నాడు, భారతదేశం నుంచి వచ్చిన ప్రజ్ఞ అనే భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. ఇరవయ్యేళ్లు ఉండి చదవాల్సినవాడు 806లోనే తిరిగొచ్చేశాడు. 816లో చక్రవర్తి ఆయనకు ఈ కొండని ఇచ్చాడు. ఓడ నిండా ఉన్న జనం ఒడ్డు చేరింది ఆయన నేర్చుకున్న పరాయి భాష వల్ల. మీ పదిమందికీ గుడి గేటు ఎప్పుడు మూస్తారో కనుక్కోవడం దాని ముందు చిన్న పనే, అయినా ఆ దారిలోదే.

ప్రయాణం సంగతి. నాంబా స్టేషనులో నంకాయి రైలు ఎక్కుతారు. హషిమోతో దాటాక రైలు కొండల్లోకి దూరి, సొరంగాల మధ్య మెలికలు తిరుగుతూ నెమ్మదిగా పాకుతుంది. ఆ భాగంలో ఎవరినీ ఫోన్ చూసుకోనివ్వకు. ఆఖరి స్టేషను గోకురకుబాషిలో దిగి కేబుల్ కారెక్కితే ఐదు నిమిషాల్లో కొండ మీద. అక్కణ్నుంచి ఊళ్లోకి బస్సే గతి. ఆ రోడ్డు మీద నడవనివ్వరు. కాబట్టి ఒసాకాలో ఆలస్యంగా బయల్దేరి సాయంత్రం హడావిడి పడొద్దు. గుళ్లో రాత్రి భోజనం ఐదున్నర, ఆరుకల్లా పెట్టేస్తారు, ఆలస్యమైతే వాళ్లు మీకోసం కాచుకుని ఉండాలి. మధ్యాహ్నం మూడింటికల్లా చేరేలా చూసుకోండి. రానూపోనూ రైలు, కొండ మీద బస్సు కలిపి అమ్మే టికెట్టు గురించి నాంబా కౌంటర్‌లో అడుగు. అదీ నువ్వే అడుగు.

బస్సు మొదట ఆగే చోట్లలో న్యోనిన్‌దో ఒకటి. ఆడవాళ్ల మందిరం. 1872లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసేదాకా ఆడవాళ్లని ఆ కొండ మీదికి రానివ్వలేదు. దారులన్నింటి దగ్గరా ఇలాంటి మందిరాలు ఉండేవి, ఆడవాళ్లు అక్కడిదాకా నడిచొచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా దణ్నం పెట్టుకుని కొండ చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు. ఏడు మందిరాల్లో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. మిగతావాళ్లకు తొందరగా ఉన్నా సరే, మీ అమ్మాయిలు మాత్రం అక్కడ దిగి రెండు నిమిషాలు నిలబడి రండి. నాకు ఆ కొండ మీద అన్నిటికంటే మనసుకు పట్టిన చోటు అదే.

కోయాసన్ ఎనిమిది వందల మీటర్ల ఎత్తున ఉంటుంది. ఒసాకాలో స్వెట్టరు చాలినప్పుడు అక్కడ కోటు కావాలి. గదిలో హీటరు ఉంటుంది గానీ కారిడార్లలో ఉండదు, పాదాలు కొయ్యబారిపోతాయి. మందపాటి మేజోళ్లు రెండు జతలు పెట్టుకో. చిరుగులు లేనివి, ఎందుకంటే రోజంతా చెప్పులు విప్పుతూనే ఉంటావు. లేసుల బూట్లు వద్దు. తతామి చాపల మీద స్లిప్పర్లతో కూడా నడవకూడదు, టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లు అక్కడే ఉంటాయి, వాటితో బయటికి రాకూడదు. ఇవన్నీ క్లాసులో చెప్పే ఉంటారు. యుకాతా వస్త్రం కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి కట్టే పద్ధతి. సమాధుల కొండ మీద అది మరీ చూసుకో.

స్నానం సంగతి నువ్వు అడగలేదు, అడగలేవని నాకు తెలుసు కాబట్టి నేనే చెబుతాను. ఆడవాళ్లకు విడిగానే ఉంటుంది, కానీ లోపల అందరూ బట్టల్లేకుండానే ఉంటారు. ముందు కుళాయి దగ్గర పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలోకి దిగాలి. తొట్టి నీళ్లు అందరివీ, సబ్బు గానీ తువ్వాలు గానీ అందులో పడకూడదు. మొదటి ఐదు నిమిషాలు సిగ్గుగా ఉంటుంది. తర్వాత ఎవరూ ఎవరినీ చూడటం లేదని అర్థమవుతుంది. అప్పటికీ నీకు కుదరదనిపిస్తే మానెయ్, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నెలసరి రోజులైతే తొట్టిలోకి దిగకూడదు, విడిగా షవరు ఉందేమో గుళ్లో అడుగు. అక్కడ అది దాచిపెట్టాల్సిన విషయం కాదు.

భోజనం గురించి మీ అమ్మ అప్పుడే దిగులు పెట్టుకుంది. అక్కర్లేదు. గుళ్లో పెట్టే షోజిన్ ర్యోరి భోజనంలో మాంసం, చేప ఉండవు, పులుసు నీళ్లు కూడా చేప పొడితో కాకుండా కొంబు నాచు, పుట్టగొడుగులతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి సైతం వెయ్యరు. కాళ్లున్న చిన్న బల్లల మీద, ఒక్కొక్కరి ముందూ గిన్నెలు వరసగా సర్ది పెడతారు. కింద కూర్చుని తినడం నీకు అలవాటే, ఆ క్లాసులో కొందరికి కాళ్లు పట్టేస్తాయి. గోమాదోఫు అని తెల్లగా, మెత్తగా ఒక ముక్క పెడతారు. అందులో సోయా ఉండదు. నువ్వులు నూరి, కుజు పిండి కలిపి, పొయ్యి మీద గరిటె ఆపకుండా తిప్పుతూ చేసేది. కోయాదోఫు ఆ ఊరి పేరుతోనే ఉంది, ఆ చలికి గడ్డకట్టించి ఆరబెట్టిన తోఫు, పులుసు పీల్చుకుని స్పాంజిలా ఉంటుంది. రుచి చప్పగా తోస్తుంది. నెమ్మదిగా తిను, మూడో గిన్నెకి నాలుక దారిలో పడుతుంది.

ఆవకాయ సీసా మాత్రం తీసుకెళ్లకు. అందులో వెల్లుల్లి ఉంది. వాళ్లు వంటింట్లోకి రానివ్వని వస్తువుని వాళ్ల పళ్లెం పక్కన తెరవడం మర్యాద కాదు, గదిలో తెరిస్తే తతామి వాసన పట్టేస్తుంది. మీ అమ్మ పంపిన జంతికలు పట్టుకెళ్లి రైల్లో అందరికీ పంచు. ఎలా చేస్తారని అడుగుతారు. బియ్యప్పిండి, వాము, నువ్వులు, గిద్దల్లో వత్తడం, ఇవన్నీ జపనీస్‌లో చెప్పి చూడు. చేతులతో చూపించైనా చెప్పు. క్లాసులో ఏ పాఠానికీ నువ్వు అంత కష్టపడి ఉండవు.

కొన్ని గుళ్లలో బీరు, సాకే కూడా అమ్ముతారు, ఆశ్చర్యపోకు. అక్కడ ఇరవయ్యేళ్లు నిండితేనే తాగాలి, నీకు ఇంకా నిండలేదు, కాబట్టి ఆ మాట అక్కడితో సరి. నిండినా తాగాలని ఏమీ లేదు. "నొమెనైన్ దెస్" అని ఒకసారి చెప్పి, టీ కప్పు పట్టుకుని వాళ్లతోనే కూర్చో. లేచి గదిలోకి వెళ్లిపోకు. తాగినవాళ్లలో ఎవరైనా మాట మీరితే, లేదా అబ్బాయిల గది కబుర్లు మరీ పొద్దుపోయేదాకా సాగితే, నువ్వూ నీ గదివాళ్లూ కలిసి లేచి రండి. ఒక్కదాన్నే వెనక మిగిలిపోకు, ఇంకో అమ్మాయిని ఒంటరిగా వదిలిపెట్టి రాకు. రాత్రి ఓకునోఇన్ సమాధుల దారి చూడాలనుకుంటే గుంపుగా వెళ్లండి, గేటు మూసేలోపు తిరిగి రండి. జైర్యూ కార్డు (నివాస కార్డు) ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, స్నానానికి వెళ్లేటప్పుడు తప్ప. ఒంట్లో బాగోకపోతే 119, పోలీసులు కావాలంటే 110. ఈ రెండూ నీకు తెలిసినవే, కొత్తగా వచ్చిన పిల్లలకు తెలుసో లేదో కనుక్కో.

ఓకునోఇన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఆగు. ఇచినోహాషి వంతెన దగ్గర మొదలుపెట్టి కూకై సమాధి మందిరం దాకా రెండు కిలోమీటర్ల దారి. రెండు పక్కలా ఆకాశాన్ని మూసేసే దేవదారు చెట్లు, వాటి కింద రెండు లక్షలకు పైగా సమాధి రాళ్లు. ఓదా నొబునాగా, తొయోతొమి హిదెయొషి లాంటివాళ్ల స్మారకాలూ అక్కడే, పేరూ ఊరూ లేని చిన్న రాళ్లూ అక్కడే. నకనోహాషి వైపు కొత్త దారిలో కంపెనీలు పెట్టించిన స్మారకాలు ఉంటాయి. చెదపురుగుల మందు కొట్టేవాళ్ల సంఘం, తాము చంపిన చెదపురుగుల ఆత్మశాంతి కోసం పెట్టిన రాయి కూడా ఉంది. దాని మీద రాసింది హిరాగనాలోనే, మీ క్లాసులో ఎవరైనా చదవగలరు. చదివాక దాని గురించి మాట్లాడుకోండి. వియత్నాం అమ్మాయి ఏమంటుందో, నేపాలీ అమ్మాయి ఏమంటుందో విను.

ఆ దారిలో నువ్వు వాళ్లకు చూపించాల్సింది ఒకటుంది. చాలా సమాధులు ఐదు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. అడుగున చతురస్రం, దాని మీద గుండ్రాయి, ఆపైన వాలు కప్పులాంటిది, ఆపైన అర్ధచంద్రం, కొసన మొగ్గ. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. మన పంచభూతాలే, ఆ వరుసలోనే. కొన్నిటి మీద సిద్ధం లిపిలో ఒక్కో అక్షరం చెక్కి ఉంటుంది, కింది నుంచి పైకి అ, వ, ర, హ, ఖ. ఆ లిపీ మన తెలుగు లిపీ ఒకే బ్రాహ్మి నుంచి వచ్చినవి. అంతేకాదు, కూకై నిలబెట్టిన షింగోన్ బౌద్ధ శాఖ గురుపరంపరలో మూడోవాడు నాగార్జునుడు. వాళ్లు ర్యూమ్యో అంటారు. దక్షిణ భారతంలో ఒక ఇనుప గోపురంలో ఆయనకు ఆ విద్య దొరికిందని వాళ్ల కథ. కృష్ణ ఒడ్డున మన నాగార్జునకొండ ఆ పేరుతోనే ఉందని, సాగర్ కట్టినప్పుడు లోయ మునిగిపోతే అక్కడి శిల్పాలు కొండ మీద మ్యూజియంలో పెట్టారని, చిన్నప్పుడు స్కూలు నుంచి నిన్ను లాంచీలో తీసుకెళ్లారని చెప్పు. నీ ఊరి నుంచి ఆ కొండకు ఒక దారి ఉందని వాళ్లకు తెలియాలి. వాళ్ల ఊళ్ల నుంచీ ఏవో దారులు ఉంటాయి, అవి నువ్వు అడుగు.

ఓకునోఇన్ దారి చివర గోబ్యోబాషి వంతెన దాటాక ఫోటోలు తియ్యకూడదు, టోపీ తీసెయ్యాలి, తినడం తాగడం కూడదు. ఇది గట్టిగా పాటించండి. కూకై చనిపోలేదని, 835 నుంచి అక్కడ ధ్యానంలో ఉన్నాడని వాళ్ల నమ్మకం. ఇప్పటికీ రోజూ ఉదయం 6 గంటలకు ఒకసారి, 10.30కి ఒకసారి సన్యాసులు చెక్క పెట్టెలో ఆయనకు భోజనం మోసుకెళ్తారు. ముందు రుచి చూసే జిజో బోధిసత్వుడి దగ్గర ఆగి, ఆ తర్వాత వంతెన దాటుతారు. రెండో రోజు 10.30కి అక్కడ ఉండేలా చూసుకోండి. ఒక పక్కగా నిలబడి, దారి వదిలి, చేతులు జోడించండి.

ఆ రోజు ఉదయం గుళ్లో ప్రార్థన ఆరింటికో ఆరున్నరకో మొదలవుతుంది. రాత్రి కబుర్లతో ఆలస్యమైనా లేవండి. ఒకరినొకరు లేపుకోండి. మంత్రాలు జపనీస్ ఉచ్చారణలో చదువుతారు, ఒక్క ముక్కా అర్థం కాదు. టీచర్లకీ కాదు, బాధపడకు. కొన్ని గుళ్లలో గోమా చేస్తారు. కట్టెలు పేర్చి, నెయ్యికి బదులు నూనె పోసి, మంత్రం చదువుతూ నిప్పులో వేస్తారు. అది మన హోమమే, చూడగానే పోల్చుకుంటావు. పక్కవాళ్లకి నెమ్మదిగా, ప్రార్థన అయ్యాక చెప్పు.

డబ్బు లెక్కలు ముందే తేల్చుకోండి. మనిషికి పదివేల యెన్లకు పైనే అవుతుంది, రెండు పూటల భోజనంతో కలిపి. బుకింగ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల చేతికి ముందే ఇచ్చెయ్యండి, చివర్లో ఎవరైనా మానేస్తే రద్దు చార్జీ ఎవరు కట్టాలో మాట్లాడుకోండి. మీలో ఒకరిద్దరికి ఈ డబ్బు నిజంగా బరువు. వారానికి 28 గంటలకు మించి పని చెయ్యనివ్వరు, అందులోంచే ఇంటికి పంపాలి. అలాంటివాళ్లు "నాకు పనుంది" అని తప్పుకుంటారు. నలుగురిలో ఎందుకని అడగకు. విడిగా అడుగు, సర్దగలిగితే మీలో ఇద్దరు ముగ్గురు కలిసి సర్దండి. నా వంతు నేను పంపుతాను, ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చిన మర్నాడు క్లాసుకి తప్పకుండా వెళ్లు. వీసా పొడిగించేటప్పుడు హాజరు చూస్తారు.

గది సంగతి ఆ ఇద్దరు తెలుగమ్మాయిలతో ఈ వారంలోనే మాట్లాడు. వాళ్లు నొచ్చుకోవచ్చు. మిమ్మల్ని వద్దనుకుని కాదని, మనం రోజూ ఒకే అపార్ట్‌మెంట్‌లో పడుకుంటున్నామని, ఆ ఒక్క రాత్రికే ఇది అని చెప్పు. కావాలంటే ఈ ఉత్తరం చూపించు. మీ అమ్మకు గుడి పేరు, ఏ రైలుకు వెళ్తున్నారో పంపించు, చేరాక ఒక మెసేజ్ పెట్టు. రాత్రికి వీడియో కాల్ చెయ్యమంటుంది. చెయ్యకు. ఎందుకు చెయ్యలేదో అక్కకు నేను చెబుతాను. షిఫ్టు మాట ఏమైందో, గుడికి ఫోన్ చేశావో లేదో ఆదివారం చెప్పు.

మీ పిన్ని